ఒక నివేశనస్థలము కథ

మన గ్రామములలో ఇల్లు కట్టుకొను చోటికి నివేశనస్థలమని పేరు. దాని క్రయదస్తావేజులో నాలుగు ఎల్లలు వ్రాయుదురు. తూర్పున ఫలానావారి దొడ్డి, దక్షిణమున పుంత, పడమట రాజబాట, ఉత్తరమున పంటకాలువ అని వ్రాసి, కొన్నవాని పేరు, అమ్మినవాని పేరు, పుచ్చుకొన్న రొక్కము చేర్చి ముగింతురు. ఆ నాలుగు ఎల్లల నడుమ ఎవరెవరు బ్రతికిరో, ఎవరెవరికి అక్కడ అన్నము దొరకినదో, ఏమి కూలి ఏమి లేచినదో, ఆ కాగితములో ఉండదు. దస్తావేజు కెక్కని ఆ సంగతులను వెదకి చెప్పుటయే చరిత్రకారుని పని.

నేడు నేను చెప్పబోవునది అమెరికాదేశమున న్యూయార్కు నగరములోని ఒక నివేశనస్థలము కథ. అచ్చట లోకప్రసిద్ధమైన ఒక హోటలు ఉండెడిది. అది మూతపడినది. దానిని కూల్చి, ఆ చోటనే అంతవరకు భూమిమీద లేనంత ఎత్తైన మేడను కట్టిరి. సముద్రమున కావలి ఊరి ముచ్చట మనకేల యని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. మన పట్టణములలోను పాత సత్రములు, పూటకూళ్ళ ఇండ్లు, నాటకశాలలు నేలమట్టమై, వాని చోట్ల అంతస్తుల భవనములు లేచుచున్నవి. నేను బడిపంతులుగా పనిచేసిన ఊరిలో ఒక పాత సత్రమును పడగొట్టి అంగళ్ళు కట్టింపవలెనని ఊరివారు సభ చేసిరి. అంగడి ఒక్కింటికి నెలకెంత అద్దె వచ్చునను ప్రశ్న తప్ప ఆ సభలో మరియొక ప్రశ్న పుట్టలేదు. చరిత్రపాఠములు చెప్పుకొని బ్రతికినవాడనై యుండియు నేనును అడుగలేదు. ఆ లోపము నా మనస్సులో ముల్లువలె మిగిలినది. అందుచేతనే ఈ కథను శ్రద్ధగా చదివితిని, మీకును చెప్పవలెనని తోచినది.

హడ్సను నది సముద్రమున కలియు చోట మన్‌హట్టను అను ద్వీపము కలదు. పొడవు సుమారు 13 మైళ్ళు, వెడల్పు ఎక్కువైన చోట రెండు మైళ్ళ పైచిల్లర. పూర్వము అచ్చట లెనాపె అను ఆదిమజాతివారు వేటాడి, చేపలు పట్టి, మొక్కజొన్న పండించుకొని జీవించిరి. 17వ శతాబ్దమున డచ్చివారు వచ్చి దక్షిణపు కొనయందు కోట కట్టిరి. 1664లో ఇంగ్లీషువారు దానిని వశపరచుకొని న్యూయార్కు అని పేరు పెట్టిరి. ఊరికి మూడుదిక్కుల నీరే యగుటచే అది పెరుగదలచినప్పుడెల్ల ఉత్తరమునకే ప్రాకవలసి వచ్చినది. ఈ యొక్క విషయమును జ్ఞాపకముంచుకొన్నచో మన కథయంతయు సులభముగా బోధపడును. ఊరు ఉత్తరమునకు జరిగినకొలది నిన్నటి పొలము నేడు ధనికుల పేటయగును. నేటి ధనికుల పేట రేపు అంగళ్ళ బజారగును.

1799వ సంవత్సరమున జాన్ థాంప్సను అను రైతు నగరమువారి యొద్ద సుమారు 20 ఎకరముల భూమిని మూడు వేల డాలర్లకు లోపుగా కొనెను. అప్పటికి అది ఊరికి చాల దూరము. ఒక వాగు పొలమునకు అడ్డముగా పారి సమీపమునందలి చెరువులో పడుచుండెను. ఇరువదియారేండ్లు సాగు చేసిన తరువాత, 1825లో అతడు దానిని పదివేల డాలర్లకు అమ్మివేసెను. రెండు సంవత్సరములు గడవకమునుపే, 1827లో, అందు సగపాలునకు విలియం బ్యాక్‌హౌస్ ఆస్టరు అనునతడు 20,500 డాలర్లిచ్చెను. నేల పెరుగలేదు, పంట పెరుగలేదు. పెరిగినదెల్ల ఊరు దగ్గరకు వచ్చుచున్నదను ఆశయే.

ఈ ఆస్టరు వంశమును గూర్చి కొంత చెప్పవలెను. వంశమూలపురుషుడు జాన్ జేకబ్ ఆస్టరు. జర్మనీదేశమున వాల్డార్ఫు అను పల్లెలో ఒక కసాయివాని కుమారుడుగా 1763లో పుట్టెను. యౌవనమున అమెరికాకు వలస వచ్చి, అడవిజంతువుల ఉన్నితోళ్ళ వ్యాపారమున ధనము గడించెను. ఆ ధనముతో న్యూయార్కు పొలిమేరలలో, ఊరు ఇంకను చేరని చోట్ల, భూములు కొనుచు వచ్చెను. తాను కట్టుట తక్కువ, కౌలునకిచ్చుట ఎక్కువ. ఊరే పెరిగి తన భూమికి వెల తెచ్చునని ఎరిగి, కొని కూర్చుండెను. 1848లో చనిపోవునాటికి అమెరికాలో అతనిని మించిన ధనికుడు లేడు. మన పొలమును కొన్న విలియం ఇతని కుమారుడు.

విలియం కుమారుల కాలము నాటికి ఊరు అచ్చటికి వచ్చి చేరినది. వాగు, చెరువు పూడిపోయినవి. పొలముమీదుగా ఫిఫ్త్ ఎవెన్యూ, అనగా ఐదవ రాజవీథి, సాగిపోయినది. ఆ వీథి ప్రక్కన, 33వ వీథి మూలను ఒక అన్నకు, 34వ వీథి మూలను తమ్మునికి, నడుమ ఒక తోటతో, రెండు మేడలు లేచినవి. తమ్ముని భార్య కేరొలైను ఆస్టరు ఆనాటి నగరసమాజమునకు మకుటములేని మహారాణి. ఆమె యింటి విందునకు పిలుపు వచ్చినవాడే కులీనుడు, రానివాడు ఎంత ధనికుడైనను లెక్కకు రాడు. ఆమె నాట్యశాలలో పట్టు జనుల సంఖ్యనుబట్టి, లెక్కకు వచ్చు పెద్దమనుష్యులు నగరమున "నాలుగు వందల మంది" అను మాట లోకవాడుకయైనది.

1890లో అన్న చనిపోయెను. అతని కుమారుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టరు. జ్యేష్ఠశాఖకు కర్తను నేనే గనుక, ఏ విశేషణము లేకుండ "శ్రీమతి ఆస్టరు" అనిపించుకొను గౌరవము నా భార్యకు చెందవలెనని అతడు తలచెను. పినతల్లి కేరొలైను ఆ గౌరవమును వదలుకొనలేదు. దాయాదుల పోరు మనకు క్రొత్తగాదు గదా! మన ఊళ్ళలో గట్టు జరుపుట, చూరునీళ్ళు పొరుగువాని దొడ్డిలోనికి వదలుట వంటి ఉపాయములతో పగ తీర్చుకొందురు. ఆ కోటీశ్వరుడు తన అంతస్తుకు తగిన ఉపాయమే వెదకెను. తండ్రి మేడను పడగొట్టించి, పినతల్లి యింటి గోడప్రక్కనే పదుమూడంతస్తుల హోటలు కట్టించెను. తాను కుటుంబముతో ఇంగ్లాండునకు కాపురము పోయెను. ఆ హోటలును 1893 మార్చి 13న తెరచిరి. దానికి పూర్వపురుషుని పల్లె పేరు, వాల్డార్ఫు అనియే పెట్టెను.

ప్రక్కనే రాత్రింబవళ్ళు బండ్ల చప్పుడు, పరిచారకుల రాకపోకలు, వంటశాలల పొగ. కేరొలైను అచ్చట కాపురముండజాలక ఉత్తరమున 65వ వీథి యొద్ద క్రొత్త మేడ కట్టించుకొని వెడలిపోయెను. ఆమె కుమారుడు నాలుగవ జాన్ జేకబ్ ఆస్టరు, అన్న హోటలునకు పోటీగా పాత యింటి స్థలమున గుఱ్ఱపుసాలలు కట్టించి కంపు కొట్టించెదనని తలచెనని చెప్పుదురు. కాని హోటలు సంపాదించుచున్న ధనమును చూచి కోపము చల్లారినది. అతడును అచ్చట ఎక్కువ అంతస్తులు గల హోటలునే కట్టించి, ముత్తాతగారు ఓరెగాను తీరమున స్థాపించిన స్థావరము పేరున అస్టోరియా అనెను. 1897 నవంబరు 1న తెరచిరి. రెండు హోటళ్ళను నడవలతో కలిపి వాల్డార్ఫ్-అస్టోరియా అను ఒకే సంస్థగా నడిపిరి. అయినను, దాయాదులకు మరల చెడినచో నడవలను మూసి గోడ పెట్టుటకు వీలుగా కట్టిరట! రాజీకాగితములో విడిపోవు షరతు వ్రాసికొనినట్లున్నది.

హోటలనగా మనకు కాఫీ, ఇడ్లీలు అమ్ము పూటకూటి యిల్లు తలపునకు వచ్చును. ఇది అట్టిది కాదు. రెండుభాగములు కలిసి సుమారు వేయి గదులు. ఆ కాలమున లోకమునందు అంత పెద్ద హోటలు వేరు లేదనిరి. విద్యుద్దీపములు, అనేకమైన గదులకు ప్రత్యేక స్నానశాలలు ఆనాటికి అపూర్వములు. పాలరాతితో అలంకరించిన సుమారు 300 అడుగుల పొడవు నడవ ఒకటి ఉండెను. సంపన్నస్త్రీలు మెరయు వస్త్రములు ధరించి అందు నడచుచుండగా చూడవచ్చినవారు దానిని నెమళ్ళ సందు అని పిలిచిరి. హోటలును నడిపిన జార్జి బోల్టు బాల్టికు సముద్రమునందలి ఒక దీవినుండి బాల్యముననే వలస వచ్చి వంటశాలలో పనితో జీవితమారంభించినవాడు. భోజనశాలాధికారి ఆస్కరు చిర్కీ స్విట్జర్లాండునుండి వచ్చినవాడు. పురుషుడు తోడులేక ఒంటరిగా వచ్చిన స్త్రీని హోటళ్ళవారు అనుమానించు ఆ దినములలో ఈ హోటలు అట్టివారిని మర్యాదతో చేర్చుకొనెను. ధనికుల ఇండ్లలో తలుపులు మూసికొని జరుగు విందులను బజారునకు తెచ్చి, రొక్కము గలవారికెల్ల తలుపు తెరచినది ఈ హోటలే. ఏ నాలుగు వందల మందికై కేరొలైను గిరి గీసెనో, ఆ గిరిని ఆమె ఇల్లున్న చోటనే చెరిపివేసిరి.

కలిమిలేములు కావడికుండలని మనవారందురు. 1912 ఏప్రిలు నెలలో టైటానికు అను మహానౌక మంచుకొండను తాకి మునిగినది. పదునైదువందల మందికి మించి చనిపోయిరి. అస్టోరియా భాగమును కట్టించిన నాలుగవ జాన్ జేకబ్ ఆస్టరు వారిలో ఒకడు. నౌకాప్రమాదము 15వ తేదీ తెల్లవారుజామున. 19వ తేదీన అమెరికా సెనేటువారి విచారణసంఘము న్యూయార్కున మొదటి సాక్ష్యమును ఎచ్చట పుచ్చుకొన్నదనుకొన్నారు? వాల్డార్ఫ్-అస్టోరియాలోనే. చనిపోయినవాని హోటలులో, అతని మృత్యువునకు కారణమేమని సాక్షులను ప్రశ్నించిరి.

తరువాత క్షీణదశ ఆరంభమైనది. కారణములు మూడు. మొదటిది, ముందే చెప్పినట్లు, ఊరు ఉత్తరమునకు జరుగుట. 1906లోనే ఎదుట ఆల్ట్‌మను అను పెద్ద బట్టలకొట్టు వెలసినది. ధనికులు పైకి తరలిపోయిరి, పేట వ్యాపారపు పేటయైనది. రెండవది, 1920 జనవరినుండి దేశమంతట మద్యనిషేధము. మద్యపానము మంచిదని నేను చెప్పను గాని, ఆ హోటళ్ళ లాభములో పెద్దపాలు ద్రాక్షసారాయి అమ్మకమునందే యుండెననుట లెక్కల మాట. మూడవది స్థలము వెల. వెలతోపాటు పన్నును పెరిగినది. 1799లో 20 ఎకరములు మూడు వేల డాలర్లకు లోపుగా అమ్ముడుపోయిన చోట, హోటలు ఆక్రమించిన నేల రెండెకరములకు కొంచెము తక్కువ. దానికి 1928 చివర పలికిన వెల, భవనముతో సహా, ఒక కోటి నలువది లక్షల డాలర్లకు తక్కువ గాదు. అట్టి నేలమీద భోజనము వడ్డించి వడ్డీకి సరిపడు ధనము రాబట్టుట అసాధ్యమైనది.

1929 మే 3న హోటలు మూతపడినది. కట్టి ముప్పదియారేండ్లే. మనుష్యునికైనచో నడివయస్సు. బల్లలు, కుర్చీలు, దీపములు, తివాసులు వేలములో పోయినవి. పెండ్లివిందు అచ్చట జరుపుకొన్నవారు, తొలిసారి నగరమునకు వచ్చినప్పుడు అచ్చట బసచేసినవారు, జ్ఞాపకార్థముగా ఏదో ఒక వస్తువు కావలెనని కోరిరి. హోటలు నిర్వాహకుడు లూషియసు బూమరు వాల్డార్ఫ్-అస్టోరియా అను పేరుమీది హక్కును ఒక డాలరునకు తాను ఉంచుకొనెనని చెప్పుదురు. నేల కోట్లకు, పేరు ఒక డాలరునకు! బోల్టునుగూర్చియు ఆస్కరునుగూర్చియు గ్రంథములు వ్రాయబడినవి. గదులు ఊడ్చినవారు, గిన్నెలు తోమినవారు, మూటలు మోసినవారు ఆ మే నెలలో ఎచ్చటికి పోయిరో చెప్పిన గ్రంథము నా కంటబడలేదు.

స్థలమును మొదట కొన్నవాడు గడువునకు సొమ్ము కట్టలేకపోయెను. అప్పుడు జనరల్ మోటార్సు సంస్థలో ఆర్థికవ్యవహారములు చూచిన జాన్ రాస్కబు, పియరు డూపాంటు మొదలైన ధనికులు కూడి ఒక సంఘముగా ఏర్పడిరి. దానికి అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్మిత్తు. బీదపేటలో పుట్టి, చేపల బజారులో కూలిపని చేసి, న్యూయార్కు రాష్ట్రమునకు నాలుగుమార్లు గవర్నరై, 1928లో దేశాధ్యక్షపదవికి పోటీచేసి హెర్బర్టు హూవరు చేతిలో ఓడిపోయినవాడు. 1929 ఆగస్టు చివర అతడు, లోకమున అన్నిటికంటె ఎత్తైన కచేరీభవనము ఆ చోట కట్టుదుమని ప్రకటించెను. రాష్ట్రమునకుగల బిరుదునుబట్టి దానికి ఎంపైర్ స్టేట్ భవనమని పేరు.

అక్టోబరు 1న పాత హోటలును కూల్చ మొదలిడిరి. నాలుగు వారములు నిండకమునుపే న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలినది. కోటీశ్వరులు బికారులైరి. అప్పుడైనను వారేల ఆగలేదు? ఇచ్చట లెక్క గమనింపదగినది. స్థలముమీద కోట్లు పెట్టియున్నారు. సగము కూలిన హోటలు గోడలు అద్దె తేవు గాని, పన్నును వడ్డీని మాత్రము పెంచుచునే యుండును. ఆగినచో నష్టము నిశ్చయము, కట్టినచో లాభము సందేహము. సందేహమునే నమ్మిరి. హోటలు పాలరాళ్ళను, ఇటుకలను, చెక్కడపుశిలలను పడవలలోనికెక్కించి సముద్రములో పారబోసిరి. నెమళ్ళ సందు నీటిపాలైనది.

కట్టినతీరు మాత్రము ఆశ్చర్యకరము. నగరమున కచేరీల అద్దెకాలము ఆచారముగా మే 1న ఆరంభమగును. కావున 1931 మే 1 దాటినచో ఒక సంవత్సరపు అద్దె పోవును. ఆ గడువును పెట్టుకొని పనికి దిగిరి. కూల్చుట ముగియకమునుపే 1930 జనవరిలో పునాది త్రవ్విరి. మార్చి 17న ఉక్కుస్తంభములు నిలుపసాగిరి. పిట్స్‌బర్గు కొలుములలో తయారైన దూలములు, ఏది ఏ అంతస్తులో ఏ చోటిదో గుర్తుతో వచ్చి చేరుచుండెను. వానిని కలుపుట నలుగురు మనుష్యుల జట్టు పని. ఒకడు చిన్నకొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి పట్టకారుతో విసరును. రెండవవాడు డబ్బాతో దానిని ఆకాశముననే పట్టి రంధ్రమున దూర్చును. మూడవవాడు ఒకవైపు అదిమిపట్టగా, నాలుగవవాడు రెండవవైపు యంత్రపుసుత్తితో మొత్తి తల కట్టును. క్రింద వందల అడుగుల శూన్యము. వారిలో ఐరోపానుండి వలస వచ్చినవారు, ఎత్తునకు జంకని మోహాకు జాతివారు ఉండిరి. భోజనమునకు క్రిందికి దిగి కాలము పోగొట్టకుండ పై అంతస్తులలోనే అన్నపుకొట్లు పెట్టిరి. సామగ్రి మోయుటకు ప్రతి అంతస్తులోను చిన్న రైలుపట్టాలు పరచిరి. పని ముమ్మరముగా జరిగిన దినమున మూడువేల నాలుగువందల మందికి మించి పనిచేసిరి. ఐదుగురు ప్రాణములు కోల్పోయిరని సంస్థవారి లెక్క. ఉక్కు 57 వేల టన్నులు, ఇటుకలు కోటి. పదునాలుగు మాసములు నిండకమునుపే 102 అంతస్తులు, 1,250 అడుగులు లేచినవి. హోటలు నిలిచిన కాలము ముప్పదియారేండ్లు, దానిని మరపించు మేడ లేచుటకు ఏడాది పైచిల్లర.

1931 మే 1న దేశాధ్యక్షుడు హూవరు వాషింగ్టనులో ఒక మీట నొక్కగా మేడలో దీపములు వెలిగినవి. ఎన్నికలలో గెలిచినవాడు దీపము వెలిగించెను, ఓడినవాడు మేడ తెరచెను. కాని లోపల ఉండువారేరీ? నాలుగింట మూడుపాళ్ళు ఖాళీ. ఎంపైరను మాటను ఎంప్టీ, అనగా శూన్యము, అని మార్చి జనులు పరిహసించిరి. స్థలముతో కలిపి వ్యయము నాలుగు కోట్ల తొమ్మిది లక్షల డాలర్లకు మించినది. కరవుచేత కూలి, ఉక్కు చౌకయై అనుకొన్నదానికంటె తగ్గియే అంత. మొదటి సంవత్సరమున అద్దెలెంత వచ్చెనో, పైకెక్కి ఊరు చూచిపోవు జనుల రుసుమును దాదాపు అంతే వచ్చినది. మేడ నిజముగా లాభము చూచుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. 1945 జూలై 28న పొగమంచులో దారి తప్పిన సైనికవిమానము 79వ అంతస్తును గుద్దుకొనగా 14 మంది మరణించిరి. మేడ నిలిచినది. 1970 దనుక అంత ఎత్తైన భవనము లోకమున మరియొకటి లేదు.

మరి హోటలును కూల్చుట తప్పా? తప్పని ఒక్కమాటలో అనలేను. పొలము పోయి మేడలు వచ్చినవి, మేడలు పోయి హోటలు వచ్చినది, హోటలు పోయి ఈ భవనము వచ్చినది. నేడు న్యూయార్కనగానే లోకులకు తోచు ఆకారము ఆ భవనమే. పాతదెల్ల పూజ్యమనుట చరిత్ర కాదు, మోహము. కాని 1929లో చూచుకొన్న లెక్క ఒక్కటే, నేల వెల లెక్క. రెండవది ఊరి జ్ఞాపకముల లెక్క. మూడవది అచ్చట పొట్టపోసికొనువారి లెక్క. ఈ రెండింటిని అడిగినవారు లేరు. ఆ లెక్కలను చూచుట న్యూయార్కువారు తరువాత నేర్చుకొనిరి. ఎట్లు నేర్చుకొనిరో అదియే ఈ కథలో మనకు పనికివచ్చు భాగము.

ఆ స్థలమునకు కొలదిదూరమున పెన్సిల్వేనియా స్టేషను అను మహాశిలాభవనముండెను. 1910లో కట్టిన దానిని 1963లో కూల్చసాగిరి. అంతవరకు సహించిన నగరవాసులకు అప్పుడు కనువిప్పైనది. 1965లో చారిత్రకభవనముల రక్షణకు నగరము ఒక శాసనము చేసినది. రక్షితమని నిర్ణయించిన కట్టడమును అనుమతి లేక యజమాని సయితము కూల్చరాదు. హోటలును మ్రింగి లేచిన ఎంపైర్ స్టేట్ భవనమునకే 1981లో ఆ రక్షణ లభించినది. అందరికిని లభింపలేదు. ఆ స్టేషనునకు ఎదుట 1919నుండి ఉన్న పెన్సిల్వేనియా హోటలు 2020లో మహామారి దినములలో మూతపడి, రక్షణ దొరకక, 2023 నాటికి నేలమట్టమైనది.

ఒక డాలరు పేరు ఏమైనదని అడుగుదురేమో. బూమరు ఆ పేరుతోనే పార్క్ ఎవెన్యూలో 47 అంతస్తుల క్రొత్త హోటలును 1931 అక్టోబరు 1న తెరచెను. ఆనాడు హూవరు రేడియోలో శుభాకాంక్షలు పలికెను. 2017 మార్చి 1న ఈ రెండవ హోటలును కూడ మూసిరి. పదునాలుగు వందలకు పైబడిన గదులలో పెద్దభాగమును అమ్ముడుపోవు నివాసగృహములుగా మార్చుట యజమానుల తలంపు. ఈసారి కథ వేరు. భవనము వెలుపలి రూపునకు 1993లోనే రక్షణ ఉండెను. మూసిన వారములోనే లోపలి ముఖ్యశాలలకును రక్షణ కల్పించిరి. కార్మికసంఘము బేరమాడి, పని పోయినవారికి పెద్దమొత్తమున పరిహారము ఇప్పించినది. మరమ్మతులు ముగిసి 2025లో హోటలు మరల తెరచుకొన్నది, 375 గదులతో మాత్రమే. యజమాని లాభము చూచుకొనెను. అయినను శాలలు నిలిచినవి, పనివారు వట్టిచేతులతో పోలేదు. 1929లో ఒక లెక్క, 2017లో మూడు లెక్కలు. ఆ నడుమ ఎనుబదియెనిమిది ఏండ్లు, కూలిన కట్టడములెన్నియో.

శ్రోతలారా, మన ఊరి సత్రమునో, పాత బడినో, రచ్చసావడినో తీసివేయవలసిన దినము రావచ్చును. తీసివేయుటయే ధర్మమును కావచ్చును. ఆనాడు సభలో పెద్దలుగా కూర్చుండువారు మీరే. స్థలమునకు వెలయెంత యని తప్పక అడుగుడు. అడిగిన పిమ్మట, ఇచ్చట ఊరివారు జ్ఞాపకముంచుకొనదగినదేది, దానిలో నిలుపగలిగినదేది యనియు అడుగుడు. ఇచ్చట ఎవరి పొట్ట గడచుచున్నది, రేపటినుండి వారి కేమి దారి యనియు అడుగుడు. ఈ రెండు ప్రశ్నలకు కాలు కదలిన పనిలేదు, రూకయు ఖర్చు కాదు.

మా ఊరి సత్రములో ఒక వృద్ధుడు చాల ఏండ్లుగా బాటసారులకు వండిపెట్టెడివాడు. పడగొట్టిన మరునాటి ఉదయము నేను బడికి పోవునప్పటికి అతడు బడి అరుగుమీద, ప్రక్కన ఒక ఇత్తడి గరిటె పెట్టుకొని, కూర్చుండి యుండెను. ఏమి కావలెనని అడిగితిని. ఏమియు వద్దు, ప్రొద్దుననే లేచి పోవుటకు ఒక చోటు అలవాటైనది, అందుకు వచ్చితినని చెప్పెను. సభలో నేను అడుగవలసియుండిన ప్రశ్న అతడే నాకు చెప్పెను. అంగళ్ళ అద్దెలు ఇప్పటికిని సరిగా వసూలగుచున్నవి.